చూపు మేరకే వేగము: మోటారు సైకిలు చరిత్ర నేర్పు పాఠము

కొత్తగూడెములోని రైలు స్టేషనుకు "భద్రాచలం రోడ్" అని పేరు. ఆ పేరు చూచి, గుడి దగ్గరనే యున్నదనుకొని దిగిన క్రొత్త యాత్రికుడు మోసపోవును. డోర్నకల్లునుండి వచ్చు రైలు మార్గము భద్రాచలమునకు పోదు. రామచంద్రుని దర్శింపవలెనన్న ఇంకను సుమారు 40 కిలోమీటర్లు రోడ్డున పోవలెను. పాల్వంచ దాటి, అడవి అంచున సాగి, సారపాకవద్ద గోదావరి వంతెన నెక్కవలెను. స్టేషను పేరులోని "రోడ్" అను మాట ఆ మిగిలిన దూరమునకు గుర్తు.

ఈ 40 కిలోమీటర్ల కథ వేగముయొక్క కథయే. ఒకప్పుడు గోదావరికి ఈవలి యొడ్డు నిజాము ఏలుబడిలో నుండెను. ఆవలి భద్రాచలము తాలూకా మద్రాసు రాజధానిలో నుండెను. భద్రాచలము తూర్పు గోదావరి జిల్లానుండి ఖమ్మము జిల్లాలో చేరినది 1959లో. నదిపై వంతెన తెరువబడినది 1965లో. అంతకు ముందు యాత్రికులు పడవలపై దాటవలసి యుండెను. ఇక నేలమీద ఎడ్లబండి గంటకు నాలుగైదు కిలోమీటర్లకు మించి నడువదు గనుక, కొత్తగూడెమునుండి నదివఱకు ఒక పగలంతయు పట్టు ప్రయాణము. నిజాము ప్రభుత్వపు రైల్వే 1932 జూనులో 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించెను. ఆ పిమ్మట తెలంగాణమున బస్సు క్రమముగా పల్లెలకు అలవాటైనది. 2016లో ఈ రెండు పట్టణముల పేర్లను కలిపి భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడినది. నేడు ఆ దారిని ఒక యువకుడు మోటారు సైకిలుపై ముప్పావు గంటలో దాటుచున్నాడు.

అతడు ఎంత వేగముగా పోవచ్చును? "బండి ఎంత పోగలిగిన అంత" యని కొందఱు కుఱ్ఱవాండ్రు చెప్పుదురు. "బోర్డుమీద ఎంత వ్రాసిన అంత" యని చట్టమెఱిగిన వారు చెప్పుదురు. మొదటిది తప్పు. రెండవది సగము నిజము. మిగిలిన సగము తెలియవలెనన్న, గడచిన నూట ముప్పది, నూట నలుబది సంవత్సరములలో మనుష్యుడు వేగమును ఎట్లు సంపాదించెనో, దానికి హద్దులు ఎట్లు కనుగొనెనో చూడవలెను. ఆ హద్దులలో అధికభాగము ప్రాణములిచ్చి కొన్నవే.

అర అశ్వశక్తి బండి

1885లో జర్మనీ దేశపు కాన్‌స్టాట్ పట్టణమున గాట్లీబ్ డైమ్లరు, విల్‌హెల్మ్ మైబాకు అను ఇంజనీర్లు తమ క్రొత్త పెట్రోలు యంత్రమును పరీక్షించుటకు ఒక కొయ్యబండిని చేసి, అందులో దాని నమర్చిరి. యంత్రపు పరిమాణము 264 ఘన సెంటీమీటర్లు. బలము అర అశ్వశక్తి. వేగము గంటకు 11, 12 కిలోమీటర్లు. బండి పడిపోకుండుటకు ఇరుప్రక్కల రెండు చిన్న చక్రములుండెను. ఆ సంవత్సరము నవంబరులో డైమ్లరు కుమారుడు పాల్ దాని నెక్కి పొరుగూరివఱకు నడిపెను. పెట్రోలు మోటారు సైకిళ్ళకు ఇదియే ఆది.

1894లో మ్యూనికు నగరమున హిల్డెబ్రాండ్, వోల్ఫ్‌ముల్లరు అను వారు అమ్మకమునకై తయారుచేసిన బండి గంటకు 45 కిలోమీటర్ల వేగము నందుకొనెను. అనగా పదేండ్లు తిరుగకమునుపే వేగము సుమారు నాలుగు రెట్లయినది. మన దేశమున 1955లో మద్రాసువద్ద ఎన్‌ఫీల్డు బండ్ల తయారీ ఆరంభమైనది. 1960 తరువాతి సంవత్సరములలో మైసూరులో జావా, ఉత్తరాదిని రాజ్‌దూత్ బండ్లు తయారై ఊరూర తిరిగినవి. నేడు పల్లెలో పాలకేను మోయు సాధారణమైన బండికి సైతము ఏడెనిమిది అశ్వశక్తుల బలము కలదు. డైమ్లరు యంత్రముకంటె ఇది పదునైదు రెట్లు. యంత్రము ఇంతగా మాఱినది. దానిపై కూర్చున్న మనుష్యుని కన్ను, చేయి, ఎముక మాత్రము 1885లో ఎట్లుండెనో నేడు అట్లే యున్నవి. ఈ వ్యాసమున చెప్పబోవునదంతయు ఈ భేదమునుండి పుట్టినదే.

ఎఱ్ఱజెండా చట్టము

వేగమునకు చట్టము మోటారు సైకిలుకంటె ముందే పుట్టినది. ఆవిరి బండ్లు రోడ్లపైకి వచ్చినపుడు బ్రిటిషు పార్లమెంటు 1865లో ఒక శాసనము చేసెను. ఆ బండ్లు పల్లె రోడ్లమీద గంటకు 4 మైళ్ళు, పట్టణములలో 2 మైళ్ళు మించి పోరాదు. అంతేకాదు, బండికి 60 గజముల ముందు ఒక మనిషి ఎఱ్ఱజెండా పట్టుకొని నడువవలెను! ఇది నేడు మనకు నవ్వు పుట్టించును. కాని అందులో ఒక వివేకము దాగియున్నది. ముందేమున్నదో నడుపువానికి తెలియవలెను. వచ్చునదేమో రోడ్డుమీది వారికి తెలియవలెను. ఆ 60 గజములను మనుష్యుడు నడచి చూచెడివాడు. తరువాతి కాలమున ఆ పని కంటిమీద పడినది.

1896లో ఈ శాసనము సడలించి వేగమును గంటకు 14 మైళ్ళవఱకు అనుమతించిరి. ఆ యేడే ఆగస్టు 17వ తేదీన లండనులో బ్రిడ్జెట్ డ్రిస్కాల్ అను స్త్రీ మోటారు కారు తగిలి మరణించెను. బ్రిటనులో మోటారు కారు క్రింద పడి చనిపోయిన మొదటి పాదచారి ఆమెయే. 1903లో హద్దు 20 మైళ్ళయినది. 1930లో కార్లకు, మోటారు సైకిళ్ళకు హద్దును పూర్తిగా తీసివేసిరి. జాగ్రత్త గలవాడు తన వేగమును తానే నిర్ణయించుకొనునని నమ్మిరి. ఆ నమ్మకము నిలువలేదు. 1934లో బ్రిటిషు రోడ్లపై 7,343 మంది మరణించిరి. ఆ సంవత్సరమే మరల శాసనము చేసి, ఇండ్లున్న చోట గంటకు 30 మైళ్ళ హద్దును 1935నుండి అమలు జరిపిరి.

పందెమునకు వేఱు త్రోవ

పందెములాడు వారు ఈ హద్దులకు మొదటినుండియు ఎదురు తిరిగిరి. బ్రిటనులో బహిరంగ రోడ్డును మూసి పందెము పెట్టుటకు చట్టమొప్పుకొనలేదు. ఐర్లండుకు, ఇంగ్లండుకు నడుమ నున్న మాన్ ద్వీపమునకు స్వంత శాసనసభ యున్నది. అది 1904లో రోడ్లను పందెమునకై మూయుటకు అనుమతి నిచ్చెను. అచ్చట 1907లో మొదలైన మోటారు సైకిలు పందెము నేటికిని ప్రసిద్ధి. మొదటి యేడు ఒంటి సిలిండరు బండ్ల తరగతిలో గెలిచిన చార్లీ కాలియరు సగటు వేగము గంటకు 38.2 మైళ్ళు, అనగా 61 కిలోమీటర్లు. ఆనాడు పందెగాండ్రందఱిలో అతనిదే మిన్న.

ఈ సంఖ్యను పాఠకులు గుర్తుంచుకొనవలెను. 2018లో భారత ప్రభుత్వము ప్రకటించిన హద్దుల ప్రకారము, నడుమ విభజన లేని సాధారణ రోడ్లపై మోటారు సైకిలు గంటకు 60 కిలోమీటర్లవఱకు పోవచ్చును. 1907లో మూసిన రోడ్డుపై, ఎదురు వచ్చువాడు లేకుండ, జగజ్జెట్టి యొకడు సాధించిన వేగము నేడు కూరగాయలకు పోవువానికి చట్టమిచ్చిన గరిష్ఠ వేగము. కనుక 60 అనునది చిన్న వేగమని తలంచుట పొరపాటు.

పందెమువలన స్వారి పద్ధతులు గూడ మాఱినవి. గాలి అడ్డగింపును తగ్గించుటకు పందెగాడు బండిమీదికి వంగి గడ్డమును పెట్రోలు తొట్టికి ఆనించును. 1948లో రోలీ ఫ్రీ అను అమెరికనుడు ఉప్పు ఎడారిలో బండిపై బోర్ల పడుకొని గంటకు 150 మైళ్ళు మించి నడిపెను. 1970 తరువాత ఫిన్లండువాడైన యార్నో సారినెన్, అమెరికావాడైన కెన్నీ రాబర్ట్స్ మొదలగువారు మలుపులో శరీరమును బండికి ప్రక్కగా వ్రేలాడదీసి, మోకాలిని నేలకు తాకించు పద్ధతిని వ్యాపింపజేసిరి. ఇందులో శాస్త్రము కలదు. శరీరపు బరువు లోపలికి జరిగినచో, అదే వేగమునకు బండి కొంత తక్కువ వంగిన చాలును.

ఐనను ఈ పద్ధతులు పుట్టిన చోటు వేఱు. పందెగాడు ఆ మలుపును నూఱుమారులు చూచినవాడు. దానిపై ఇసుకలేదని యెఱిగినవాడు. ఎదురుగా లారీ రాదని నిశ్చయము గలవాడు. అంతయు నుండియు మాన్ ద్వీపపు కొండ మార్గమున ఇప్పటివఱకు 250 మందికి మించి పందెగాండ్రు మరణించిరి. బహిరంగ రోడ్డుపై ఆ భంగిమను అనుకరించు యువకుడు గాలిని కొంత తప్పించుకొనును గాని, తల వంచుటచే చూపును పోగొట్టుకొనును. రోడ్డు స్వారికి తగిన భంగిమ వేఱు. నడుము నిటారుగా నుండవలెను. మోకాళ్ళు తొట్టిని ఆనియుండవలెను. చేతులు బిగియక, వ్రేళ్ళు బ్రేకు మీటకు అందుబాటులో నుండవలెను. తల ఎత్తి, పోవలసిన దిక్కునకు త్రిప్పియుండవలెను. ఇది ముసలివారి స్వారి కాదు. కంటికి ఎత్తైన కూర్చునుచోటు నిచ్చు స్వారి.

పల్లము దాచిన ఇద్దఱు బాలురు

కంటి హద్దు దాటిన వేగమేమి చేయునో తెలుపు ఒక మరణము చరిత్రకెక్కినది. మొదటి ప్రపంచ యుద్ధకాలమున అరేబియాలో పేరు గాంచిన టి. ఇ. లారెన్సు మోటారు సైకిళ్ళను మిక్కిలి ప్రేమించినవాడు; గొప్ప స్వారికాడు. 1935 మే 13వ తేదీన ఇంగ్లండులోని డార్సెట్ ప్రాంతమున తన ఇంటికి సమీపముననే బ్రో సుపీరియరు బండిపై పోవుచుండెను. రోడ్డు ఒకచోట పల్లములోనికి దిగి మరల పైకెక్కును. ఆ పల్లమున సైకిళ్ళపై పోవుచున్న ఇద్దఱు బాలురు అతనికి ఆలస్యముగా కనబడిరి. వారిని తప్పింపబోయి అతడు బండిపైనుండి ఎగిరిపడెను. తలకు దెబ్బ తగిలి, తెలివి రాకయే 19వ తేదీన కన్ను మూసెను. అప్పటికి వయస్సు 46.

ఆ దారి అతడెఱుగనిది కాదు. బండి చెడ్డది కాదు. నేర్పు లేకపోలేదు. కొఱవడినది చూపు మేర.

లారెన్సుకు చికిత్స చేసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అను మెదడు శస్త్రవైద్యుడుండెను. ఈ మరణము అతని మనస్సున నాటుకొనెను. అతడు మోటారు సైకిలు నడుపువారి తల గాయములను పరిశోధించి, తలకు రక్షణగా టోపి ధరించుట యొక్క ప్రాముఖ్యమును 1941లో బ్రిటిషు వైద్య పత్రికలో ప్రకటించెను. ఆ యేడే బ్రిటిషు సైన్యము తన మోటారు సైకిలు భటులకు హెల్మెట్టును నిర్బంధము చేసెను. బ్రిటనులో ప్రజలందఱికిని ఆ నిర్బంధము వచ్చినది 1973లో. మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 129వ సెక్షను దీనిని విధించుచున్నది. హెల్మెట్టు దెబ్బ తీవ్రతను తగ్గించును. దెబ్బ తగులకుండ ఆపజాలదు. ఆపవలసినది వేగము నదుపులో నుంచుకొన్నవాడే.

కన్ను, చేయి, చక్రము

ఇప్పుడు లెక్క చూతము. ఇది ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రమే. అడ్డము కనబడినది మొదలు బండి ఆగువఱకు రెండు ఘట్టములుండును. కన్ను చూచి, మెదడు గ్రహించి, చేయి బ్రేకును పట్టులోపల కొంత కాలము గడచును. దీనిని ప్రతిక్రియా కాలమందురు. మెలకువగా నున్నవానికి ఒక సెకను అనుకొందము. ఆ సెకనులో బండి వేగము తగ్గక పోవుచునే యుండును. తరువాత బ్రేకు పనిచేయును. పొడి రోడ్డుపై మంచి బ్రేకు వేగమును సెకనుకు సెకనుకు 6 మీటర్ల చొప్పున తగ్గించుననుకొందము. వేగమును వర్గము చేసి, 6కు రెట్టింపైన 12చే భాగించిన, బ్రేకు పట్టిన తరువాతి దూరము వచ్చును. ఫలితములివి:

గంటకు 30 కి.మీ. వేగమున: 8 మీటర్లు, 6 మీటర్లు, మొత్తము 14 మీటర్లు.
గంటకు 40 కి.మీ. వేగమున: 11 మీటర్లు, 10 మీటర్లు, మొత్తము 21 మీటర్లు.
గంటకు 60 కి.మీ. వేగమున: 17 మీటర్లు, 23 మీటర్లు, మొత్తము 40 మీటర్లు.
గంటకు 80 కి.మీ. వేగమున: 22 మీటర్లు, 41 మీటర్లు, మొత్తము 63 మీటర్లు.

వేగము 40నుండి 80కి రెట్టింపైనది. బ్రేకు దూరము నాలుగు రెట్లయినది. గతిశక్తి వేగముయొక్క వర్గమునుబట్టి పెరుగుటయే దీనికి కారణము. వాన పడిన రోడ్డుపై బ్రేకు పట్టు సగమైనదనుకొన్నచో, 60 కిలోమీటర్ల వేగమునకే 63 మీటర్లు కావలెను. అనగా తడిలో 60, పొడిలో 80తో సమానము.

ఇంకొక ప్రశ్న వేసికొందము. రాత్రివేళ బండి దీపము 40 మీటర్లవఱకే స్పష్టముగా చూపుచున్నదనుకొనుడు. ఆ దూరమున రోడ్డుపై ఒక ఎద్దు పడుకొనియున్నది. 60 కిలోమీటర్ల వేగమున వచ్చువాడు ఎద్దు ముందర సరిగా ఆగును. 80 కిలోమీటర్ల వేగమున వచ్చువాడు, 60 పోవువానికంటె 20 మాత్రమే యెక్కువ గనుక, కొంచెము తగిలి ఆగునని పలువురు ఊహింతురు. లెక్క వేఱుగా నున్నది. అతడు బ్రేకు పట్టునప్పటికే 22 మీటర్లు గడచినవి, మిగిలినవి 18. ఆ 18 మీటర్లలో బ్రేకు ఎంత పనిచేసినను, ఎద్దును తాకునప్పటికి బండి ఇంకను గంటకు 60 కిలోమీటర్ల వేగముననే యుండును. మొదటివాడు ఆగిన చోట రెండవవాడు 60 వేగముతో గ్రుద్దును. 14 మీటర్ల ఎత్తునుండి, అనగా సుమారు నాలుగంతస్తుల మేడపైనుండి, నేలకు పడువాని వేగమదియే.

బ్రేకులు నానాటికి మెఱుగగుచున్న మాట నిజము. చక్రము బిగిసి జారకుండ కాచు ఎ.బి.ఎస్. సాధనము 1988లో మోటారు సైకిలుకు వచ్చెను. మన దేశమున 125 సి.సి. మించిన క్రొత్త బండ్లన్నిటికి 2019నుండి అది తప్పనిసరి. కాని అది మొదటి సెకనును తగ్గింపలేదు. ఆ సెకను యంత్రముది కాదు, మనది.

మలుపులో నేమి జరుగును?

మలుపు తిరుగు బండికి లోపలివైపు లాగు బలము కావలెను. దీనిని అభికేంద్ర బలమందురు. ఆ బలమును ఇచ్చునది చక్రమునకు, రోడ్డునకు నడుమ గల ఘర్షణ మాత్రమే. బండి బయటివైపు పడిపోకుండుటకు స్వారికాడు లోపలికి వంగును. ఎంత వంగవలెనో వేగపు వర్గము, మలుపు వ్యాసార్ధము నిర్ణయించును. వ్యాసార్ధము 30 మీటర్లు గల మలుపును 40 కిలోమీటర్ల వేగమున తిరుగుటకు సుమారు 23 డిగ్రీలు వంగిన చాలును. అదే మలుపున 60 కిలోమీటర్ల వేగమునకు 43 డిగ్రీలు కావలెను. అప్పుడు కావలసిన ఘర్షణ బండి బరువులో నూటికి 94 వంతులు. మంచి పొడి తారు రోడ్డు సైతము అంత పట్టు ఇచ్చుట అరుదు. ఇసుక, ఎండుటాకులు, తడి యున్నచోట అందులో సగము గూడ ఉండదు. కనుక బ్రేకు మలుపునకు ముందే పట్టవలెను, మలుపులో కాదు. వంగిన చక్రము తన పట్టునంతయు తిరుగుటకు వినియోగించుచుండగా, ఆపుటకు మిగులు పట్టు లేదు.

ఇందొక వింత గూడ కలదు. ఎడమకు తిరుగవలెనన్న స్వారికాడు మొదట హేండిలును లవలేశము కుడికి నెట్టును. అప్పుడు బండి ఎడమకు వంగును. విమానమును కనిపెట్టిన రైటు సోదరులు మొదట సైకిళ్ళ వర్తకులు. వారిలో విల్బరు ఈ సంగతిని గమనించి సైకిలు త్రొక్కువారిని పలువురిని అడిగిచూచెను. అందఱును ఆ పని చేయువారే. చేయుచున్నామని చెప్పినవాడు లేడు. శరీరమునకు తెలిసినది మనస్సునకు తెలియకపోవుట ఇట్టిదే. అందుచేతనే ఆపదలో భయపడినవాడు తెలిసిన విద్యను మఱచి బిగుసుకొనిపోవును.

అడవి అంచు రోడ్డు

ఇక మన దారికి వత్తము. పై లెక్కలన్నియు కొత్తగూడెము, భద్రాచలముల నడుమను, అచ్చటినుండి చింతూరు వైపు పోవు రోడ్డునను ప్రతిదినము పరీక్షకు వచ్చుచున్నవి. ఇది జాతీయ రహదారియే. కాని దీనిపై రాకపోకలు సాగించువారు పలు కాలములకు చెందినవారు. జామాయిలు కఱ్ర నింపుకొని కాగితపు మిల్లుకు పోవు లారీ ఇరువదియవ శతాబ్దిది. వెనుక దీపము లేని ట్రాక్టరు, ఎడ్లబండి, తలపై మోపుతో నడుచు స్త్రీ అంతకు ముందటివారు. నూఱు అశ్వశక్తుల వాహనమును, రెండు కాళ్ళ మనుష్యుడును ఒకే తారుమీద నడుచుచున్నారు.

కాలమునుబట్టి ఈ రోడ్డు మాఱును. మార్చి, ఏప్రిలు నెలలలో ఇప్పపువ్వు రాలును. కోయ పల్లెల స్త్రీలు, పిల్లలు వాటినేరుటకు తెల్లవారక మునుపే గంపలతో బయలుదేరుదురు. వేసవిలో తునికాకు సేకరణ. శ్రీరామనవమికి పాదయాత్రికులు రోడ్డు వారగా రాత్రియు నడుతురు. కోతల పిమ్మట రోడ్డు సగమున వడ్లు ఆరబోయుదురు. వానలలో ఎఱ్ఱమట్టి, గులకరాళ్ళు మలుపులలోనికి కొట్టుకొనివచ్చును. తారు చల్లగా ఆరని చోట పశువులు రాత్రి పడుకొనును. పాల్వంచకు చేరువనున్న కిన్నెరసాని అభయారణ్యపు ప్రాంతమున అడవిపంది, దుప్పి చీకటిలో అడ్డము వచ్చును. వీనిలో ఏదియు రోడ్డు బోర్డుమీద వ్రాయబడదు. బోర్డు 60 అని చెప్పవచ్చును. ఇప్పపువ్వు వేకువజామున అచ్చటి వేగము 30 కావచ్చును. చట్టము చెప్పునది మించరాని వేగము. పోదగిన వేగమును చెప్పవలసినది కన్ను.

కనుక ఈ రోడ్డునకు తగిన నియమమును ఒక్క మాటలో చెప్పవచ్చును: కనబడుచున్నంత దూరములో ఆగగలిగినంత వేగముననే పోవలెను. రోడ్డు ఇరుకై, ఎదుటివాడును వచ్చు అవకాశమున్నచో, కనబడు దూరములో సగములోనే ఆగగలుగవలెను. మిగిలిన సగము అతనికి కావలెను. చింతూరునుండి మారేడుమిల్లికి ఎక్కు ఘాటు రోడ్డున మలుపు మలుపునకు ఈ నియమము వర్తించును. ఊరి మొదటి ఇల్లు కనబడగానే వేగము 30కి దిగవలెను. 2020లో స్టాక్‌హోములో కూడిన ప్రపంచ దేశముల ప్రతినిధులు, మనుష్యులును వాహనములును కలిసి తిరుగుచోట 30 కిలోమీటర్లను హద్దుగా సూచించుట ఈ శాస్త్రమునుబట్టియే.

విషయము చిన్నది కాదు. 2022లో మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించిరని కేంద్ర ప్రభుత్వపు లెక్క. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనములవారే. మితిమీరిన వేగము కారణముగా నమోదైన మరణములు నూటికి 70 దాటినవి. హైస్కూలు విద్యార్థులు మఱియొక సంగతి యెఱుగవలెను. గేర్లు గల మోటారు సైకిలు నడుపుటకు పదునెనిమిదేండ్లు నిండవలెను. 2019లో సవరించిన చట్టము ప్రకారము, మైనరు బాలుడు నేరము చేసినచో తండ్రియో, సంరక్షకుడో, బండి యజమానియో శిక్షార్హుడగును. రోడ్డుపై పందెము పెట్టుట 189వ సెక్షను క్రింద నేరము.

తరగతిలో చేయదగిన రెండు పరీక్షలు

ఉపాధ్యాయులు ఈ పాఠమును బండి లేకుండనే చూపవచ్చును. ఒక పలకను వాలుగా నిలిపి, దాని అడుగున గోనెపట్టా పఱవుడు. గోళీని 5 సెంటీమీటర్ల ఎత్తునుండి వదలి, పట్టాపై ఎంత దూరము పోయి ఆగునో కొలువుడు. తరువాత 20 సెంటీమీటర్ల ఎత్తునుండి వదలుడు. ఎత్తు నాలుగు రెట్లయినచో అడుగునకు చేరు వేగము రెండు రెట్లగును. ఆగు దూరము సుమారు నాలుగు రెట్లుండుట విద్యార్థులు స్వయముగా కనుగొందురు.

రెండవది: ఒక విద్యార్థి స్కేలును నిలువుగా పట్టుకొని వదలవలెను; రెండవవాడు దాని అడుగున వ్రేళ్ళు తెఱచియుంచి, వదలగానే పట్టుకొనవలెను. 20 సెంటీమీటర్లవద్ద పట్టుకొన్నచో అతనికి పట్టిన కాలము సుమారు సెకనులో అయిదవ వంతు. ఇది కాచుకొని కూర్చున్నవాని కాలము. ఆ పిమ్మట అదే విద్యార్థిచే 17వ ఎక్కము చెప్పించుచు మరల స్కేలును వదలుడు. మాటలాడుచు, ఫోను చూచుచు బండి నడుపువాని సంగతి అప్పుడు వేఱుగ చెప్పనక్కఱలేదు.

తుదకు మనము బయలుదేరిన స్టేషనునకే వత్తము. "భద్రాచలం రోడ్" నుండి భద్రాచలమునకు 40 కిలోమీటర్లు. దారి పొడుగున 60 వేగమున పోగలిగినవానికి 40 నిమిషములు పట్టును. 80 వేగమున పోవువానికి 30 నిమిషములు. లాభము పది నిమిషములు. దానికై ఆగు దూరము 40 మీటర్లనుండి 63 మీటర్లకు పెరిగినది. ఆ పది నిమిషముల వెల ఈ 23 మీటర్ల రోడ్డు. దానిమీద ఆ క్షణమున గంపతో నడుచుచున్నది ఎవరో, ఎవరి తల్లియో, బండి నెక్కునపుడు మనకు తెలియదు. తెలియనిచోట నెమ్మదిగా పోవుటయే శాస్త్రము నేర్చినవాని లక్షణము.